పాత చీరలతో బొంత: కుట్టడం కన్నా పరవడమే అసలు పని

బీరువాలో అడుగున పడి ఉన్న నూలు చీరలను పారేయబుద్ధి కాదు, కట్టబుద్ధీ కాదు. వాటికి బొంతను మించిన దారి లేదు. సంచులు, కాళ్లు తుడుచుకునే పట్టాలు కూడా చేయొచ్చు కానీ, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుకి అవి న్యాయం చేయవు. ఒంటికి తగిలే చోటే ఆ మెత్తదనానికి విలువ.

కొలతల లెక్క చీరలోనే ఉంది. 12 మూరల చీరని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 4 మూరలు, అంటే 6 అడుగులు వస్తుంది. చీర వెడల్పు 45 అంగుళాల చిల్లర, ఒక మనిషి పడుకోవడానికి సరిపోతుంది. కాబట్టి ఒంటి మనిషి బొంతకి రెండు చీరలు, ఆరు పొరలు. వేసవికి పల్చగా కావాలంటే నాలుగు చాలు. చేత్తో కుట్టేవాళ్లు ఆరు దాటొద్దు. ఎనిమిది పొరల్లో సూది దిగుతుంది గానీ, నాలుగు వరసలకే వేళ్లు బొబ్బలెక్కుతాయి.

జంట మంచానికి ఒక్కో పొరకి రెండు ముక్కలు పక్కపక్కన అతకాలి. నాలుగు పొరలకి ఎనిమిది ముక్కలు, అంటే మూడు చీరలు. తొమ్మిదో ముక్క మాసికలకి దాచుకోవచ్చు. అతుకులన్నీ నడిమధ్యనే ఒకదాని మీద ఒకటి పడితే అక్కడ వీపుకి గుచ్చుకునే గట్టు లేస్తుంది. అందుకని ఒక పొర విడిచి ఒక పొరలో ఒక ముక్కని నిలువునా రెండుగా చింపి చెరో పక్కనా కలపండి, అతుకు చోటు మారుతుంది.

ఏ చీర పనికొస్తుంది

నూలు మాత్రమే. పాలియెస్టర్ కలిసిన చీర చూడ్డానికి నూలులాగే ఉంటుంది కానీ పొరల మధ్య జారుతుంది, చెమట పీల్చదు, ఉతికాక పక్కనున్న నూలు ముడుచుకుంటే తాను ముడుచుకోదు. దాంతో బొంత ముడతలు పడుతుంది. అనుమానం ఉంటే అంచు దగ్గర నాలుగు పోగులు లాగి, ఇనుప గరిటె మీద పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి, చల్లారాక నల్లని గట్టి ఉండ మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. కలిపి నేసిన బట్టలో ఉండా బూడిదా రెండూ కనిపిస్తాయి, దాన్నీ పక్కన పెట్టాల్సిందే.

గద్వాల చీర ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. ఆ రెండూ కత్తిరించి ఒళ్లు మాత్రం తీసుకోండి. మంగళగిరిదైతే జరీ అంచు తీసేయాలి. జరీ గీసుకుంటుంది, కుట్టేటప్పుడు దారాన్ని కోస్తుంది. ఫాల్ ఉంటే దాన్నీ విప్పేయండి. వెంకటగిరి లాంటి పల్చని చీరలు లోపలి పొరలకి మేలు. పైన వేస్తే ముందుగా అవే చిరుగుతాయి.

బట్టలో సత్తువ ఉందో లేదో తెలియాలంటే చీరని వెలుతురుకి ఎత్తి చూడాలి. పిరుదుల దగ్గర, కుచ్చిళ్ల కింది వైపు బట్ట పల్చబడి ఉంటుంది. అక్కడ రెండు బొటనవేళ్లతో గట్టిగా లాగండి. చిట్లితే ఆ ముక్క లోపలికి, నిలిస్తే పైకి. మరీ పీలికలయ్యేదైతే లోపల వేసినా లాభం లేదు. కుట్టు పట్టుకోదు, రెండు ఉతుకులకే లోపల ఉండలు కట్టి ఒక మూలకి చేరుతుంది.

ఉతకడం

చీరలని రాత్రంతా నీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. గంజి మిగిలితే సూది దిగదు, పైగా పురుగు పడుతుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు చీరలైతే తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ చీరని విడిగా నాలుగైదు సార్లు ఉతకాలి, అప్పటికీ దిగుతుంటే ఈ పనికి వద్దు. ఉప్పునీళ్లలో ముంచితే రంగు ఆగుతుందనే మాట చాలా ఇళ్లలో ఉంది, దాన్ని నమ్ముకుని తెల్ల పంచె పక్కన ఎర్ర చీర పెట్టకండి. అడుగు పొరకి కొత్త బట్ట కొంటే దాన్ని కూడా ముందు తడిపి ఆరేయాల్సిందే. లేదంటే మొదటి ఉతుకులో అదొక్కటే ముడుచుకుని బొంత గిన్నెలా వంగుతుంది.

ముక్కలు చేయడానికి కత్తెర ఒక అంగుళం గాటు వరకే. ఆ పైన చేత్తో చింపండి. పేక పోగు (అడ్డపోగు) వెంట నిటారుగా చిరుగుతుంది. కత్తెరతో కోసిన గీత నేరుగా ఉందనిపిస్తుంది కానీ, పరిచాక ఒక మూల రెండంగుళాలు తక్కువ పడుతుంది.

పరవడం

బొంత చెడేది ఇక్కడే. మంచం మీద, పరుపు మీద పరవొద్దు, గట్టి నేల కావాలి. గది ఊడ్చి తుడిచి ఆరనివ్వండి.

అడుగు పొరని తిరగేసి పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. బియ్యం డబ్బా అయినా, సన్నికల్లు అయినా సరే. బట్ట బిగువుగా ఉండాలి, సాగదీసినట్టు మాత్రం ఉండకూడదు. సాగదీసి కుడితే బరువులు తీయగానే అది వెనక్కి పోతుంది, పై పొర ఉబ్బుతుంది. ఆ మీద ఒక్కో పొర పరుస్తూ, ప్రతిసారీ నడిమి నుంచి అంచులకి అరచేత్తో నిమురుతూ రావాలి. అన్ని ముక్కల పడుగూ (నిలువు పోగులు) ఒకే దిక్కున ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం వేస్తే ఉతికినప్పుడు ఒక్కోటి ఒక్కో వైపుకి లాగుతుంది.

లోపలి పొరలు నాలుగు పక్కలా ఒక్కో అంగుళం చిన్నవిగా ఉండాలి. అడుగు పొర, పై పొర అంచుల్ని లోపలికి మడిచి ఒకదానితో ఒకటి కలిపి కుట్టడానికి ఆ అంగుళం. ఆరు పొరలూ సమానంగా ఉంచి మడిచారంటే అంచు పన్నెండు పొరలవుతుంది, సూదులు విరుగుతాయి.

ఇక టాకాలు. వేరే రంగు దారంతో పెద్ద పెద్ద కుట్లు, జానెడుకి ఒక వరస చొప్పున ముందు నిలువునా, తర్వాత అడ్డంగా. మొదటి వరస నడిమధ్యన పడాలి, అక్కడి నుంచి ఇటొకటి అటొకటి. ఒక అంచు నుంచి మొదలుపెడితే చేతి ఒత్తిడికి పై పొర కొంచెం కొంచెంగా జరుగుతూ పోయి, చివరికి వచ్చేసరికి బెత్తెడు బట్ట అవతలికి వేలాడుతుంది. దాన్ని కత్తిరించేస్తే సరిపోతుందనుకుంటారు గానీ, అప్పటికే మధ్యలో వంకర వచ్చేసి ఉంటుంది. విప్పడమే మార్గం. గంటన్నర పట్టే ఈ పని ఎగ్గొట్టి గుండుసూదులతో సరిపెట్టడం వద్దు. అవి జారతాయి, అరికాలికి దొరుకుతాయి.

కుట్టడం

సూది రెండంగుళాలు దాటి పొడవుండాలి, కన్ను పెద్దదిగా ఉండాలి. గోనెసంచులు కుట్టే దబ్బనం మాత్రం వద్దు, అది చేసే బెజ్జం పాత బట్టలో పూడదు. దారం నూలుదే, కాస్త మందమైనది. మామూలు మిషన్ దారమే ఉంటే నాలుగు పోగులు కలపండి. కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగితే చిక్కుపడదు. ఒక్కో విడతకి గజం దారం మించొద్దు. మాటిమాటికీ ఎక్కించడం బద్ధకమని బారెడు తీస్తే, కన్ను దగ్గర రాపిడికి అది తెగుతుంది.

వరసకీ వరసకీ మధ్య ఒక అంగుళం. 45 అంగుళాల వెడల్పులో, 6 అడుగుల పొడవున 44 వరసలు పడతాయి. అంటే ఉత్త గీతలే 80 మీటర్లు. పొరల్లో దిగి లేచే దారం, ముడులు కలుపుకుంటే 100 మీటర్లు పెట్టుకోవాలి. నాలుగు పోగుల దారమైతే 400 మీటర్లు. మధ్యలో అయిపోయి మళ్లీ కొంటే రంగు కలవదు, ముందే తెచ్చుకోండి.

కుట్టు పావు అంగుళం ఉంటే చక్కగా ఉంటుంది. సూదిని వాల్చి ఒకేసారి మూడు కుట్లు ఎక్కించి లాగే అలవాటు ఉంటే, అడుగు పొరకి కూడా కుట్టు పడిందో లేదో ప్రతి వరసకీ తిప్పి చూసుకోండి. ఎక్కువగా తప్పేది అదే. దారం చివర ముడి ఒక్కటే వేస్తే మెత్తబడ్డ బట్టలోంచి ఊడివస్తుంది. ముడిని పొరల మధ్యలోకి లాగేసి, మొదట్లోనూ చివర్లోనూ రెండు కుట్లు వెనక్కి వేయాలి. దారం మరీ బిగించకండి. బిగించిన వరస ఉతికాక తాడులా ముడుచుకుంటుంది.

చేయి తిరిగినవాళ్లు కొందరు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలు కుట్టే కవండి అనే బొంత పద్ధతి కూడా అదే. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కాకపోతే మిగులు బట్టంతా నడిమికి చేరి ఉబ్బుతుంది కాబట్టి మొదటి బొంతకి నిటారు వరసలే మేలు.

ఇంటి మిషన్ మీద నాలుగు పొరల వరకు పర్వాలేదు. సూది 16 లేదా 18 నంబరు, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు, పాదం ఒత్తిడి తగ్గించాలి. తగ్గించకపోతే పాదం పై పొరని ముందుకి తోసేస్తుంది.

పసిపిల్లల కోసమైతే మూడు పొరలు, గజం పొడవు, ముప్పావు గజం వెడల్పు. కుట్లు ఇంకా చిన్నవి ఉండాలి. వదులు కుట్టులో చిన్ని వేలు ఇరుక్కుంటే దారం చుట్టుకుని వాచిపోతుంది. ముడులు, బొత్తాలు, జరీ ఏవీ పైన కనపడకూడదు.

వాడాక

మొదటి ఉతుకు విడిగా, చల్లని నీళ్లలో. తడిసిన బొంత చాలా బరువు. ఒక్క దండెం మీద వేస్తే మధ్యలో సాగి కుట్లు తెగుతాయి. రెండు దండేలకి కలిపి గానీ, మేడ పిట్టగోడ మీద గానీ పరవండి. మధ్యాహ్నం తిరగేయాలి. పైకి ఆరినట్టున్నా నడిమి పొరల్లో చెమ్మ ఉంటుంది, రెండో రోజు కూడా ఎండబెట్టకుండా మడిస్తే ముక్కిన వాసన వస్తుంది, అది మళ్లీ ఉతికితే గానీ పోదు. చిరుగు కనపడగానే దాచుకున్న ముక్కతో మాసిక వేయండి. మాసికని చిరుగు కన్నా నాలుగు పక్కలా బెత్తెడు పెద్దగా తీసుకుని, సత్తువ ఉన్న బట్టలో కుట్టు పడేలా చూసుకోండి.