కారులో డీపీఎఫ్ మూసుకుపోయినప్పుడు ఏం చేయాలి

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక, మన దేశంలో అమ్ముడవుతున్న డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) అనే వడపోత పరికరం తప్పనిసరి భాగంగా మారింది. అది తేనెపట్టులా సన్నని గొట్టాలతో నిండిన పింగాణీ దిమ్మె. ప్రతి గొట్టానికీ ఒక కొస మూసి ఉంటుంది కనుక, పొగ పక్క గోడలోంచి దూరి బయటపడక తప్పదు. ఆ క్రమంలో మసి గోడకు అంటుకుని నిలిచిపోతుంది. ఇలా పేరుకున్న మసిని కారు తనంతట తానే కాల్చుకోవాలి. దీనినే రీజనరేషన్ అంటారు. ఇందుకోసం ఇంజిన్ కొంత అదనపు డీజిల్‌ను చిమ్మి, ఫిల్టర్ వేడిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి, బండి ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు సాగితేనే ఆ పని పూర్తవుతుంది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ క్లచ్ మీదే కాలు పెట్టి వెళ్లి వచ్చే కారుకు ఆ అవకాశం దొరకదు.

మీటర్ బోర్డుపై డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు ముందుగా గమనించవలసినది, దానితో పాటు ఇంకేదైనా దీపం వెలిగిందా అన్నది. అది ఒక్కటే వెలిగి, బండి పికప్ మామూలుగానే ఉంటే, చాలా సందర్భాలలో ఒక్క మంచి ప్రయాణంతో సమస్య తీరిపోతుంది. ఇంజిన్ చెక్ లైటు కూడా వెలిగి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం అందుకోకపోతే, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకున్నదని అర్థం. ఆ స్థితిలో హైవే ఎక్కించే ప్రయత్నం మానుకుని ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న చోటికి నెమ్మదిగా తీసుకువెళ్లాలి. దీపాల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కనుక, డ్యాష్‌బోర్డు అరలో పడి ఉండే ఓనర్స్ మాన్యువల్‌ను ఒకసారి తెరిచి చూడడం మంచిది.

మొదటి స్థితిలో ఉన్నవారికి హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డును మించిన చోటు లేదు. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే చాలదా అని అడిగేవారున్నారు. దాని పొడవు 11.6 కిలోమీటర్లే, ఇంజిన్ అసలు పనిలో పడేసరికి అవతలి కొసనున్న ఆరాంఘర్ వచ్చేస్తుంది. ట్యాంకులో కనీసం పావు వంతుకు పైగా డీజిల్ ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఇంధనం అంతకు తగ్గితే కొన్ని కార్లు రీజనరేషన్‌ను మొదలుపెట్టవు. గచ్చిబౌలిలో ఎక్కి శంషాబాద్ వైపు వెళ్తూ, గంటకు 70, 80 కిలోమీటర్ల మధ్య వేగాన్ని నిలకడగా ఉంచి, ఇంజిన్ తిరుగుడు 2000 ఆర్‌పీఎమ్‌కు తగ్గకుండా ఒక గేరు తక్కువలోనే నడపండి. రీజనరేషన్ నడుస్తున్నప్పుడు మైలేజీ మీటరు అంకె ఒక్కసారిగా పడిపోతుంది, కాలిన వాసన వస్తుంది, బండి ఆపితే ఐడిల్‌లో ఇంజిన్ చప్పుడు కాస్త పెరిగి వినిపిస్తుంది. ఆ సమయంలో ఇంజిన్ ఆపకూడదు. ఎండుగడ్డి మీద బండి నిలపడం మరీ ప్రమాదం. ఇంటి ముందు నిలబెట్టి రేసు ఇవ్వడం వల్ల పక్కింటివారికి విసుగు తప్ప ఫిల్టర్‌కు మేలు జరగదు.

ఇలా అరగంట నడిపినా దీపం ఆరకపోతే, అసలు ప్రశ్న వేరే ఉంది: మసి ఎందుకు కాలడం లేదు? దీనికి జవాబు తెలుసుకోకుండా డబ్బు ఖర్చు పెట్టడం వృథా అని నేను అనుభవంతో చెప్పగలను. ఒక సర్వీస్ సెంటర్‌లో నా కారుకు ఆరు నెలల్లో రెండుసార్లు స్కానర్‌తో బలవంతంగా రీజనరేషన్ చేయించారు, రెండుసార్లూ బిల్లు తీసుకున్నారు, దీపం మళ్లీ వెలిగింది. మూడోసారి వేరే షెడ్డులో మెకానిక్ స్కానర్ జోలికి పోకుండా, ముందు ఉష్ణోగ్రత ముల్లును చూశాడు. ముప్పావు గంట నడిపి తెచ్చిన బండిలో కూడా అది సగానికి ఒక గీత కిందే నిలిచిపోయింది. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోవడం వల్ల ఇంజిన్ సరిపడా వేడెక్కడం లేదు; వేడెక్కని ఇంజిన్ రీజనరేషన్‌కు అనుమతి ఇవ్వదు. నేను అన్నాళ్లూ ఆ ముల్లును చూస్తూనే ఉన్నాను, తక్కువ వేడి మంచిదే కదా అనుకున్నాను.

అందువల్ల మెకానిక్‌ను మూడు విషయాలు అడగండి. కీ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయనప్పుడు ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో తెలిపే ముందు వెనుకల పీడన వ్యత్యాసం స్కానర్‌లో దాదాపు సున్నా చూపాలి; చూపకపోతే తప్పు ఆ పీడనాన్ని కొలిచే సెన్సర్‌లోనో దాని వైరింగ్‌లోనో ఉండవచ్చు. ఆ సెన్సర్‌కు వెళ్లే సన్నని రబ్బరు గొట్టాలు చిట్లాయేమో చేత్తో తడిమి చూడాలి. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, టర్బో ఆయిల్ లీకు వంటివి మసిని మామూలుకన్నా ఎక్కువగా పుట్టిస్తున్నాయేమో కూడా తేల్చాలి.

ఇంజిన్ ఆయిల్‌ను ఎవరూ అడగకుండానే చూసుకోండి. రీజనరేషన్ మధ్యలో పదేపదే ఆగిపోతే, చిమ్మిన డీజిల్‌లో కొంత భాగం సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. చదునైన చోట బండి నిలిపి డిప్‌స్టిక్ తీస్తే, ఆయిల్ గరిష్ఠ గీతకు పైన ఉండి, రెండు వేళ్ల మధ్య రుద్దినప్పుడు పలచగా జారుతూ డీజిల్ వాసన వేస్తే, బలవంతపు రీజనరేషన్ కంటే ముందు ఆయిల్ మార్చాలి. పోసే ఆయిల్ తక్కువ బూడిద మిగిల్చే రకమై, మాన్యువల్‌లో చెప్పిన ప్రమాణానికి సరిపోవాలి. మసి కాలిపోతుంది గానీ, ఆయిల్ రసాయనాల వల్ల మిగిలే బూడిద కాలదు. లక్ష కిలోమీటర్లు దాటిన కారులో ఫిల్టర్ నిండినది బూడిదతోనే అయితే, దానిని విప్పి ప్రత్యేక యంత్రంపై శుభ్రం చేయించాలి, లేదా కొత్తది వేయించాలి. కార్ వాష్ ప్రెషర్ గొట్టంతో కడిగితే లోపలి పింగాణీ చిట్లే ప్రమాదం ఉంది.

లోపలి దిమ్మెను పగలగొట్టి, సాఫ్ట్‌వేర్ మార్చి పంపిస్తామనే షెడ్లు కూడా కనిపిస్తాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం నిషిద్ధం. పైగా ఆ మసి వెళ్లేది మన పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడే రోడ్డు మీదకే. శుభ్రం చేయించినా కొత్తది వేయించినా, డబ్బు ఇచ్చే ముందు స్కానర్‌లో పీడన వ్యత్యాసం అంతకుముందు ఎంత, ఇప్పుడు ఎంత అన్నది చూపించమనండి. కొత్త ఫిల్టర్ వేసినట్లయితే ఇంజిన్ కంప్యూటర్‌లో పాత బూడిద లెక్కను సున్నా చేశారో లేదో కూడా అక్కడే అడగండి.