సాయుధ పోరాటం పుస్తకాలా? ముందు పెన్సిల్ చెక్కుకోండి

నేను జనగామ డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కడవెండి, విసునూరు, పాలకుర్తి అంటే నాకు రోజూ టికెట్ కొట్టిన ఊర్లు. 1946-51 మధ్య దొరల మీద, నిజాం మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఆ ఊర్లలో ఏం జరిగిందో మాత్రం రిటైరయ్యాకే తెలిసింది, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల వల్ల. మొదటి ఏడాది అంతా తప్పుగా చదివాను. ఆ తిప్పలు మీకెందుకని ఇది రాస్తున్నా.

పుస్తకం చేతికి రాగానే అది ఎప్పుడు అచ్చయింది, రాసినాయన అప్పటికి ఏ పార్టీలో ఉన్నాడు, ఈ రెండూ లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాసుకోండి. పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం 1972లో వచ్చింది. అప్పటికి ఆయన సీపీఎం ప్రధాన కార్యదర్శి. 1948లో భారత సైన్యం వచ్చి నిజాంను లొంగదీశాక కూడా పోరు సాగించడం సరైనదేనని ఆయన వాదన. అదే పోరులో ముందు నడిచిన రావి నారాయణరెడ్డి మాత్రం నిజాం లొంగిపోయాక తుపాకులు దించాల్సిందన్నారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన సీపీఐలోనే ఉండిపోయారు. కాబట్టి 1948 గురించి వాళ్లు రాసిన అధ్యాయాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. నేను ఒకాయన్నే చదివి మా బామ్మర్దితో రెండు నెలలు కొట్లాడాను. వాడు చదివింది రెండో ఆయనదట!

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగినదాన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో కూడా చూడండి. విలీనం, విమోచన, విద్రోహం, పోలీసు చర్య... ఆ ఒక్క మాటతోనే రాసినాయన ఎటువైపో సగం తెలిసిపోతుంది. పేరుకు పోలీసు చర్యే గానీ, వచ్చింది ట్యాంకులతో సైన్యం. దాన్ని నడిపించిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురే తర్వాత మిలటరీ గవర్నరయ్యారు.

ఇక నన్ను బాగా ఏడిపించింది ఫసలీ. నిజాం కాలం కాగితాల్లో సంవత్సరాలు ఫసలీ అనే పాత రెవెన్యూ లెక్కలో ఉంటాయి. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే 590 కలపాలని ఎవరో చెప్పారు. జాగీర్ల రద్దు చట్టం 1358 ఫసలీ, ఆగస్టు అని ఉంటే కలిపి 1948 అని రాసుకున్నా. అంటే సైన్యం రాకముందే, నిజామే జాగీర్లు రద్దు చేశాడన్నమాట! వారం రోజులు తల పట్టుకున్నాక అర్థమైంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా అయితే 591. సరైన సంవత్సరం 1949. మీరైతే ముందే ఈ లెక్క మార్జిన్‌లో రాసి పెట్టుకోండి.

మ్యాపులోనూ ఇదే గోల. ఈ పోరులో తొలి అమరుడు దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న నేలకొరిగిన కడవెండి ఆ రోజుల్లో నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా. ఇప్పటి మ్యాపు పట్టుకుని నల్లగొండ జిల్లాలో వెతికితే దొరకదు.

అంకెలు కనబడితే పక్కనే చెప్పినవాళ్ల పేరు రాయండి. 3 వేల గ్రామాల్లో దొరల పెత్తనం పోవడం, 10 లక్షల ఎకరాల పంపకం, 4 వేల మంది మృతులు అన్నవి సుందరయ్య ఇచ్చిన లెక్కలు. అవతలి పక్షం కూడా వదలొద్దు. నిజాం చివరి ప్రధాని లాయక్ అలీ, భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాద్‌లో ఉన్న కె.ఎం. మున్షీ, ఇద్దరూ జ్ఞాపకాలు రాశారు. ఒకరి పుస్తకంలో మంచివాడు రెండోవారి పుస్తకంలో విలన్.

పోరులో ఉన్న ఆడవాళ్ల మాటలతో 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను మాత్రం ఆఖరున చదవండి. దళంలో ఉన్న కమలమ్మ తన పసిబిడ్డను ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చిందని చెప్పే చోట నేను పెన్సిల్ పక్కన పెట్టేశాను. అది ముందే చదివితే మిగతావాళ్ల తీర్మానాలు, తేదీలు ఇక చదవబుద్ధి కాదు.