మన చెరువు చేపకు, మన ఊరి ఈకతో ఫ్లై కట్టడం ఎలా?

గాలం వేయడం మనకు కొత్త కాదు. వానపామో పిండిముద్దో గుచ్చి చెరువు కట్ట మీద కూర్చునేవాళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కనిపిస్తారు. ఫ్లై ఫిషింగ్‌లో గుచ్చే ఎర ఉండదు. ఈకలు, దారం, వెంట్రుకలు హుక్కు మీద కట్టి, నీళ్లలో పురుగులాగో చిట్టి చేపలాగో కదిలేట్టు చేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువు లేదు కాబట్టి ఊరికే విసిరితే ముందుకు పోదు. లావుగా ఉండే లైను బరువే దాన్ని మోసుకుపోతుంది.

ఈ సరదాను ఒంటరిగా మొదలుపెట్టినవాళ్లు తొందరగా వదిలేస్తారు, నలుగురు కూడితే నిలుస్తుంది. హుక్కును కదలకుండా బిగించి పట్టుకునే వైస్ ఒక్కటి కొని అందరూ వాడుకోవచ్చు, ఒకరి ముడి ఇంకొకరు సరిచేయొచ్చు. కానీ చాలామంది చల్లటి దేశాల్లో ట్రౌట్ అనే చేప కోసం కట్టిన ఫ్లైల డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించి నేరుగా చెరువులో వేస్తారు. ట్రౌట్ తినే పురుగు వేరు, మన జిలేబీ చేప (తిలాపియా) తినేది వేరు. మీ చెరువులో ఏముందో చూసి, అలాంటిది మీ చేత్తో కట్టండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే.

ముందు తెల్ల పళ్లెం తీసుకెళ్లండి

మొదటి వారం రాడ్డు ఇంట్లోనే ఉంచండి. ఒక తెల్ల పళ్లెం, టీ వడకట్టే జల్లెడ చాలు. కట్ట అంచున గుర్రపుడెక్క మొక్క ఒకటి పైకి లాగి, పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి, వేళ్లు అందులో దులపండి. ఒక నిమిషం కదిలించకుండా చూడండి. చెత్త అనుకున్నదానికి కాళ్లు వస్తాయి. పొట్ట లావుగా, గోధుమ రంగులో ఆకుపచ్చ కలిసినట్టు ఉండేవి తూనీగ పిల్లలు. పుల్లతో తాకితే వెనక నుంచి నీళ్లు చిమ్మి ఒక్క ఉదుటున ముందుకు పోయి ఆగుతాయి. ఆ ఉదుటు, ఆ ఆగడం గుర్తుపెట్టుకోండి, రేపు లైను లాగేది అలాగే. జలగలు, చిట్టి రొయ్యలు, కప్ప పిల్లలు కూడా దొరకొచ్చు. పక్కన అగ్గిపుల్ల పెట్టి ఫోటో తీస్తే సైజు తెలుస్తుంది.

జిలేబీని కూరకు కోసేటప్పుడు పొట్టలో ఏముందో కూడా చూడండి. పేగు పొడుగ్గా, ఎక్కువగా పచ్చటి పాచితో ఉంటుంది. మధ్యలో పురుగుల ముక్కలు కనిపిస్తే మీ ఫ్లైకి రంగు దొరికినట్టే. కొరమీను, మట్టగిడస అయితే కప్ప, చిట్టి చేప, పురుగు, కదిలే దేన్నయినా పట్టుకుంటాయి. బొచ్చె ఎక్కువగా నీళ్లలో తేలే కంటికి కనపడని జీవులను తింటుంది, కొత్తవాళ్లు దాని కోసం టైమ్ పెట్టొద్దు.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి

దాదాపు 1800 ఏళ్ల కిందట ఒక రోమన్ రచయిత, మాసిడోనియా జాలర్లు హుక్కుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింది ఈకలు రెండు కట్టేవాళ్లని రాశాడు. ఈ రోజుకీ ప్రధాన సరుకు అదే. నాటుకోడి అమ్మేచోట పుంజు మెడ ఈకలు అడగండి. కాకి పుంజుది నల్లగా, డేగ పుంజుది ఎర్రగా వస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, కర్పూరం వేసిన డబ్బాలో పెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది. తోకకు మెత్తటి ఈక కావాలి. అంగళ్లలో మారబూ పేరుతో అమ్మేది ఇప్పుడు ఎక్కువగా సీమకోడి (టర్కీ కోడి) ఈకే కాబట్టి, సీమకోళ్లు పెంచేవాళ్లు మీ దగ్గరుంటే కొనక్కర్లేదు.

ప్రకాశంలో ఇంకో సౌకర్యం ఉంది. ఒంగోలు జాతి పశువుల తోక కుచ్చు నల్లగా ఉంటుంది. దూడ తోక వెంట్రుక సన్నగా ఉండి ఫ్లైకి బాగా పనికొస్తుంది, పెద్ద పశువుది మొరటు. రైతును అడిగి, కత్తెరతో చిటికెడు తీసుకుంటే చాలు. ఉన్ని కోసం మాత్రం నెల్లూరు గొర్రె దగ్గరికి పోవద్దు, ఆ జాతికి ఉండేది వెంట్రుకే. ఊలు దారం కొనండి. మెరుపుకు జరీ, రాగి తీగ మగ్గం వర్కు సామాన్లు అమ్మే చోట దొరుకుతాయి. నెల్లూరువాళ్లు చిన్నబజారులో అడిగి చూడండి.

అడవి పక్షుల ఈకలు మాత్రం వద్దు. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన నేలపట్టులో గూడబాతు ఈక నేల మీద కనపడినా ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ ఉంది, దానికంటే ముందు మన మర్యాద ఉంది.

ఒక్క ఫ్లై, సరిగ్గా

కొత్త గుంపు మొదటి రెండు మూడు సమావేశాల్లో ఒకే ఫ్లై కట్టాలి. దాని పేరు ఊలీ బగ్గర్. తూనీగ పిల్లలాగా, జలగలాగా, చిట్టి చేపలాగా ఎలా అయినా చేపకు తోస్తుంది. కాడ పొడుగ్గా ఉండే 8 లేదా 10 నంబరు హుక్కు తీసుకోండి. మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేపను వదలాలన్నా, మన వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. తర్వాత హుక్కును వైస్‌లో కాడ అడ్డంగా ఉండేట్టు బిగించండి.

దారాన్ని హుక్కు కన్ను వెనక మొదలుపెట్టి, వరసగా చుట్టుకుంటూ వంపు దాకా పోండి. దారం కింద లేకుండా ఏది కట్టినా తిరిగిపోతుంది. ఫ్లై మునగాలంటే ఇక్కడే సన్నటి ఫ్యూజు వైరు పది చుట్లు వేయొచ్చు. వంపు దగ్గర మెత్తటి ఈకను కాడ అంత పొడుగుండేట్టు కట్టండి. అంతకంటే పొడుగైతే చేప తోకనే పట్టుకుని వదిలేస్తుంది. అక్కడే వరసగా రాగి తీగ, పుంజు ఈక కొసవైపు, ఊలు దారం, మూడూ కట్టేయండి. దారాన్ని ముందుకు తీసుకొచ్చి, ఊలును ఒత్తుగా చుట్టి ఆపండి. ఆ పైన ఈకను ఎడం ఎడంగా ఐదారు చుట్లు తిప్పండి. చివరగా రాగి తీగను ఈక తిరిగిన దిక్కుకు ఎదురుగా చుట్టండి. ఈ చివరి చుట్టు లేకపోతే పది చేపలు కొరకకముందే ఈక కాడ తెగి, మొత్తం విచ్చుకుంటుంది.

ఎక్కువమంది చేతులు తడబడేది తల దగ్గర. కన్ను వెనక హుక్కు కన్ను పొడుగుకు రెండింతల జాగా మొదటి నుంచీ ఖాళీగా ఉంచాలి. ఊలు అక్కడిదాకా వచ్చేసిందంటే ముడి వేయడానికి చోటుండదు, లైను కొసకు కట్టే సన్నటి నైలాన్ కన్నులో దూరదు. అలా అయితే నాలుగు చుట్లు విప్పి మళ్లీ చుట్టండి, మొహమాటం వద్దు. ముడి వేసి, కోసి, రంగు లేని నెయిల్ పాలిష్ ఒక బొట్టు పెడితే అయిపోయింది. పూలు కట్టే అలవాటున్నవాళ్లకు ఈ చివరి ముడి చాలా తొందరగా పట్టుబడుతుంది, గుంపులోకి వాళ్లను పిలవండి.

కట్టినదాన్ని గాజు గ్లాసు నీళ్లలో ముంచి కొంచెం ఆడించండి. తోక ఊపిరి తీస్తున్నట్టు కదలాలి. కర్రలా ఉంటే ఈక ఎక్కువైంది.

సమావేశం చివర మార్పిడి పెట్టండి. ఎంతమంది ఉంటే అన్ని ఫ్లైలు ఒక్కొక్కరు కట్టి తలా ఒకటి పంచుకోవాలి. పక్కవాడిది ఎందుకు గట్టిగా ఉందో చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది.

విసరడం, ఆ తర్వాత నీళ్లు

9 అడుగుల రాడ్డు, 6 నంబరు తేలే లైను చెరువుకు సరిపోతాయి. ఆ లైను మొదటి 30 అడుగుల బరువు 10 గ్రాములకు కాస్త ఎక్కువ. మొదట నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లాంటి ఖాళీ చోట, హుక్కు బదులు ఊలు ముక్క కట్టి ప్రాక్టీస్ చేయండి. వెనక్కి లేపాక లైను వెనక పూర్తిగా తిన్నగా సాగేదాకా ఆగాలి. తల తిప్పి చూడండి, సిగ్గేం లేదు. తొందరపడితే కొరడాలా చప్పుడొస్తుంది. 25 అడుగులు శుభ్రంగా పడితే చాలు. పొద్దున్నే చేయండి, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి మొదలవుతుంది.

చెరువుకు వెళ్లేముందు అనుమతి అడగండి. చాలా చెరువుల్లో చేపలు మత్స్యకారుల సహకార సంఘానివో, పంచాయతీ దగ్గర పాడుకున్నవాళ్లవో అయి ఉంటాయి. రొయ్యల గుంటల వైపు అసలు వెళ్లొద్దు, మన చెప్పుల మీద పోయే రోగం వాళ్ల పంటనే తీసేస్తుంది. కళ్లజోడు, టోపీ తప్పనిసరి. గ్రాఫైట్ రాడ్డు కరెంటును పట్టేస్తుంది, కాబట్టి మోటారు తీగల కింద, ఉరుములప్పుడు రాడ్డు లేపకండి.

ఫ్లై పడ్డాక మునగనివ్వండి. తర్వాత జానెడు లాగి, ఆపి, మళ్లీ లాగండి. జిలేబీ గట్టిగా గుంజదు, లైను కొస కాస్త పక్కకు జరుగుతుంది, అంతే. జిలేబీ 1952లో మన దేశానికి తెచ్చిన చేప, పులుసుకు ఇంటికి తీసుకుపోవచ్చు. పిల్లలతో ఉన్న కొరమీనును మాత్రం వదలండి. నీళ్లలోనే ఉంచి, చేయి తడిపి, హుక్కు తీయండి.

ఇంటికొచ్చాక ఫ్లైలు పూర్తిగా ఆరేదాకా డబ్బా మూయొద్దు. బకింగ్‌హాం కాలువ, కృష్ణపట్నం వైపు ఉప్పునీళ్లలో వాడి ఉంటే రీలు, ఫ్లైలు, లైను మంచినీళ్లతో కడగండి, లేదంటే వారం తిరిగేసరికి హుక్కు తుప్పు పడుతుంది.