మిద్దెతోటల జట్టు కట్టాలంటే ముందు ఒక నోటు పుస్తకం కొనండి

మా అనంతపురంలో మిద్దె మీద మొక్కలు పెంచేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు, కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. విత్తనాలు పంచుకుందామని, అందరూ చేసినట్టే మేమూ ముందు వాట్సాప్‌లో గ్రూపు పెట్టాం, వారం తిరక్కుండా అది గుడ్ మార్నింగ్‌లతో నిండిపోయింది.

మాకు బుద్ధి వచ్చింది ఒక పొట్లం వల్ల. గోదావరి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఒకావిడ "ఆనప విత్తనాలుంటే ఇస్తారా" అని అడిగితే, మా పక్కింటి పెద్దాయన పిడికెడు అనప గింజలు కాగితంలో చుట్టి సంతోషంగా ఇచ్చారు. ఆవిడ మొక్కలకు కొత్త, గింజ చూసి గుర్తుపట్టలేదు. పందిరి వేసి, నీళ్లు పోసి, సొరకాయ కోసం ఎదురుచూసింది. వాళ్లకు ఆనపకాయంటే సొరకాయ, మనకు అనపకాయంటే చలికాలంలో గింజలు నానబెట్టి పితికి కూర చేసుకునే చిక్కుడు జాతి. ఆయన తప్పూ లేదు, ఆవిడ తప్పూ లేదు, పొట్లం మీద ఏమీ రాయకపోవడమే తప్పు.

అందుకే మీరు మొదలుపెట్టేటప్పుడు ఎనిమిది, పది ఇళ్లు చాలు, అవీ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. సాయినగర్‌లో ఒకరు, రుద్రంపేటలో ఒకరు అని ఊరంతా పోగేస్తే ఎవరూ ఎవరి మిద్దె ఎక్కరు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, ఓపికగా రాసే ఒకరి చేతికివ్వండి (మాటకారికి ఇవ్వద్దు, నేను చేసి చూశాను). విత్తనం పేరు, దానికి ఇచ్చినవాళ్లు వాడే పేరు, ఎవరి ఇంటిది, ఏ నెలలో ఎండబెట్టింది, నాటుదా హైబ్రిడ్‌దా, తీగా చెట్టా, ఇవే పొట్లం మీదా ఉండాలి, పుస్తకంలోనూ ఉండాలి. గోరుచిక్కుడును మటిక్కాయ అనే ఇల్లు ఉంటే రెండు పేర్లూ రాయండి. చివర్లో ఒక గడి ఖాళీగా వదలండి, "తిరిగి ఇచ్చింది" అని. చెంచాడు తీసుకున్నవాళ్లు పంట అయ్యాక రెండు చెంచాలు ఇవ్వాలి, మా దగ్గర ఉన్న రూలు ఇదొక్కటే.

హైబ్రిడ్ మొక్క నుంచి తీసిన గింజ తీసుకోకండి, తల్లి మొక్కలా వస్తుందన్న నమ్మకం ఉండదు. టమాటా నాటు రకమైతే పని తేలిక: బాగా పండిన కాయ గుజ్జు గింజలతో సహా గ్లాసులో వేసి, కాసిన్ని నీళ్లు పోసి, రెండు మూడు రోజులు అలా వదిలేస్తే పైన తెట్టు కడుతుంది, కొంచెం పులిసిన వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు తిడతారు, పట్టించుకోవద్దు. గింజ చుట్టూ ఉన్న జిగురు పోయాక జల్లెడలో వేసి కడిగి పింగాణీ పళ్లెంలో నీడన ఆరబెట్టాలి, కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. మన ఎండలో నేరుగా పెడితే గింజ మాడిపోతుంది. వంకాయ గింజకు కాయ చెట్టు మీదే పసుపు రంగుకు తిరిగేదాకా ఆగాలి.

తీగ జాతులతోనే తలనొప్పి. మీ మిద్దె మీద పొడుగు సొర, ఎదురింట్లో గుండ్రం సొర ఉంటే తేనెటీగలు రెండింటినీ కలిపేస్తాయి, వచ్చే ఏడు ఏ కాయ వస్తుందో దేవుడికే తెలియాలి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మర్నాడు సాయంత్రం విచ్చుకునేలా ఉన్న ఆడపువ్వునూ మగపువ్వునూ ముందే పల్చటి గుడ్డతో కట్టి, విచ్చుకోగానే మగపువ్వును ఆడపువ్వుకు రుద్ది, మళ్లీ గుడ్డ కట్టేసి, ఆ కాయకు రంగు దారం చుట్టాలి. దారం ఉన్న కాయ గింజలే జట్టులోకి రావాలి. ఇంత ఓపిక లేకపోతే తీగ విత్తనాలు కొనుక్కోవడమే నయం.

పంచే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడండి. ఏడు మొలిస్తే ఇవ్వచ్చు, నాలుగే మొలిస్తే పొట్లం మీద ఆ సంగతి రాసి ఒత్తుగా వేసుకోమనండి.

కలుసుకునేది మే ఆఖర్లో, అంటే మృగశిర కార్తెకు ముందు. పొద్దున ఆరున్నరకు, రోజుకొక మిద్దె మీద, ఎనిమిదయ్యేసరికి దిగిపోవాలి, ఆ తర్వాత మన ఎండకు ఎవరూ నిలబడరు. రెండోసారి సెప్టెంబరు చివర్లో.

పశువుల ఎరువు ట్రాక్టర్‌తో తెప్పిస్తే ఒక్క ఇంటికి ఎక్కువ, పది ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. బాగా చివికిందా లేదా చేత్తో పిసికి చూసి దించుకోండి, పచ్చి పేడయితే వేడికి వేర్లు మాడతాయి. బుడ్డల (వేరుశనగ) పొట్టు దొరికితే వదలకండి, కుండీల్లో మన్ను మీద రెండు వేళ్ల మందం పరిస్తే నీళ్లు అంత త్వరగా ఆరవు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు మనది, ఆ మాత్రం లెక్క ఉండాలి.

నిజానికి జనాన్ని జట్టులో నిలబెట్టేది విత్తనాలు కావు, ఊరెళ్తే నీళ్లెవరు పోస్తారన్న టెన్షన్. పుస్తకం వెనక పేజీల్లో దాని లెక్క వేరేగా రాయండి: ఎవరు ఎన్ని రోజులు ఎవరి మొక్కలకు పోశారు, మిద్దె తాళం ఎవరి దగ్గర ఉంది. సంక్రాంతికి అందరూ ఒకేసారి ఊరెళ్తారు కాబట్టి ఊళ్లోనే ఉండే ఇళ్లేవో డిసెంబరులోనే అడిగి పెట్టుకోండి.

ఒక పంట చేతికొచ్చాకే కడప, కర్నూలు వాళ్లతో పొట్లాలు మార్చుకోండి. మన ఎర్రమన్నులో కాసింది నంద్యాల నల్లరేగడిలో అలాగే కాయాలని లేదు, అందుకే మన్ను రంగు కూడా పొట్లం మీద రాయిస్తున్నాం. పోయిన నెల కడప నుంచి వచ్చిన పొట్లం మీద "బీర, నున్నది" అని మాత్రమే ఉంది. నేతిబీరా, మామూలు బీరలో నున్నటి రకమా అని ఫోన్ చేస్తే అవతల ఆవిడ "మా అత్తను అడిగి చెప్తా" అన్నారు. పొట్లం ఇంకా విప్పలేదు.