బస్సు నంబరు కోసం చిన్న టెలిస్కోప్ కొంటున్నారా?

చూపు తక్కువున్నవాళ్లు బస్సు బోర్డు, క్లాసులో బ్లాక్‌బోర్డు చదవడానికి వాడే మోనోక్యులర్ (ఒక కంటితో చూసే చిన్న టెలిస్కోప్) కొనేటప్పుడు, పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుని 8×20 (8 రెట్లు పెద్దగా చూపేది) తీసుకోకండి. పవర్ పెరిగేకొద్దీ కనిపించే మేర చిన్నదవుతుంది, చేతి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. కదిలే బస్సును అందులో పట్టుకోవడం చాలా కష్టం.

లెక్క తేలికే. చూపు 6/60 (మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం) ఉండి 6/15 అక్షరాలు చదవాలంటే 60ని 15తో భాగించండి, 4 రెట్లు వస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు నేనైతే 4×12 చెప్తాను. అందులో 12 అంటే ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. సాయంత్రం పూట వాడేవాళ్లు ఆ అంకెను పవర్‌తో భాగించి, ఎక్కువ వచ్చేదే ఎంచుకోండి, బొమ్మ వెలుతురుగా ఉంటుంది.

కళ్లజోడు ఉంటే కంటివైపు రబ్బరు అంచు వెనక్కి మడిచే రకం కావాలి. మెడకు వేసుకునే తాడు తప్పనిసరి. కొనేముందు షాపు బయటికొచ్చి రోడ్డు మీది బోర్డులు చదివి చూడండి. వాడేటప్పుడు ఆగి నిలబడే చూడాలి, నడుస్తూ వద్దు. సూర్యుడి వైపు అసలే వద్దు. వీలుంటే హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలాంటి చోట లో-విజన్ (తక్కువ చూపు) పరీక్ష చేయించుకున్నాకే కొనండి.