వ్యాన్‌లో అదనపు కరెంటు పరికరాలు – మూడవ పాఠం: డ్యాష్‌బోర్డు ప్యానెళ్లు విప్పడం

రెండు ఫోన్లకు సరిపోయే 24 వాట్ల యూఎస్‌బీ చార్జరుకూ, సుమారు 5 వాట్లు తీసుకునే డ్యాష్ కెమెరాకూ కలిపి 12 వోల్టుల వద్ద మూడు ఆంపియర్లకు లోపే కరెంటు అవసరమవుతుందని, అందుకు 5 ఆంపియర్ల ఫ్యూజు, ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు చాలునని గత పాఠంలో లెక్క కట్టాము. ఇప్పుడు ఆ వైరు వెళ్ళే దారి చూడాలంటే డ్యాష్‌బోర్డు తెరవాలి. మన ఊళ్ళలో స్కూలు పిల్లలకూ సరుకుల రవాణాకూ విరివిగా వాడే మారుతి ఈకో వంటి చిన్న వ్యాన్‌ను దృష్టిలో పెట్టుకొని ఈ పాఠం రాస్తున్నాను. స్క్రూల స్థానాలు బండిని బట్టి మారినా పద్ధతి మారదు.

ముందు బ్యాటరీ సంగతి చూడాలి. తాళంచెవి తీసేసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్‌ను మొదట విప్పండి. ప్లస్‌ను ముందు విప్పబోతే, చేతిలోని స్పానర్ పొరపాటున బండి బాడీకి తగిలినప్పుడు నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మైనస్ ముందే విడిపోయి ఉంటే ఆ ప్రమాదం ఉండదు. సీఎన్‌జీ బండి అయితే గ్యాస్ వాసన ఏ కొంచెం వచ్చినా ఆ రోజుకు పని మొదలుపెట్టకండి.

2019 జూలై నుంచి మన దేశంలో కొత్త ప్రయాణికుల వాహనాలన్నింటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. బ్యాటరీ విప్పిన తరువాత కూడా ఎయిర్‌బ్యాగ్ కంట్రోలు పెట్టెలోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి మీ బండి పుస్తకంలో చెప్పినంత సమయం, అందులో లేకపోతే కనీసం పది నిమిషాలు, ఆగిన తరువాతే డ్యాష్‌బోర్డు మీద చేయి వేయండి. పసుపు రంగు తొడుగు లేదా పసుపు కనెక్టర్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పకూడదు, మల్టీమీటర్‌తో పరీక్షించకూడదు, వాటి నుంచి కరెంటు తీసుకోకూడదు. ఈ విషయంలో మినహాయింపు లేదు.

ఇక అసలు విద్య ప్యానెల్ దేని మీద నిలబడి ఉందో కనిపెట్టడం. దానిని మూడు రకాల బంధాలు పట్టుకొని ఉంటాయి: స్క్రూలు, క్లిప్పులు, ఒక అంచున గూటిలోకి దూరి కూర్చునే కొక్కేలు. ప్యానెళ్లు విరిగేది బలం చాలక కాదు, కనిపించని ఒక స్క్రూ మిగిలిపోయినందువల్ల. సామాను పెట్టుకునే అరలో అడుగున ఉండే రబ్బరు చాప కింద, చిన్న ప్లాస్టిక్ మూతల వెనుక, గ్లవ్ బాక్స్ లోపలి అంచున, స్టీరియో చుట్టూ ఉన్న చట్రం వెనుక టార్చి వేసి వెతకండి. తరువాత ప్యానెల్ అంచు పొడవునా బొటనవేలితో మెల్లగా నొక్కుతూ వెళ్ళండి. వేలికి లొంగిన చోట వెనుక ఖాళీ ఉందనీ, లొంగని చోట క్లిప్పో స్క్రూనో ఉందనీ తెలుస్తుంది. ఆ చోట్లను సుద్దతో గుర్తు పెట్టుకోవడం మంచి అలవాటు.

మొదట స్క్రూలన్నీ, తరువాత క్లిప్పులు, చివరికి కొక్కేలు, ఇదే వరుస. ప్లాస్టిక్ బద్దను క్లిప్పుకు ఆనుకొనే దూర్చాలి, రెండు క్లిప్పుల మధ్య కాదు. మధ్యలో ఎత్తితే ప్యానెల్ విల్లులా వంగి పగులుతుంది. ఉక్కు స్క్రూడ్రైవరు అంచును గీరి శాశ్వతమైన మచ్చ మిగులుస్తుంది కనుక అది వద్దు. క్లిప్పు ఏ దిశలో లోపలికి వెళ్ళిందో సరిగ్గా ఆ దిశలోనే వెనక్కి లాగండి. ఒక మూల మొండికేస్తే లాగడం ఆపి, వదిలేసిన స్క్రూ కోసం మళ్ళీ వెతకండి. ఎండలో ఏళ్ళ తరబడి నిలిపిన బండి ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం వేడికి అదే ప్లాస్టిక్ మెత్తబడి వంకర పోతుంది. అందుకే ఈ పని ఉదయం పూట నీడలో చేయాలని గట్టిగా చెబుతున్నాను.

ప్యానెల్ ఊడి రాగానే ఒక్కసారిగా దగ్గరికి లాక్కోకండి. దాని వెనుక హజార్డ్ స్విచ్చికి, సాకెట్‌కు వైర్లు ఉండవచ్చు. ఫోటో తీసుకొని, కనెక్టర్ మీది చిన్న నాలుకను నొక్కి, వైర్లను కాకుండా కనెక్టర్‌నే పట్టుకొని విడదీయండి. స్క్రూలను ఏ రంధ్రానివి ఆ రంధ్రం పేరు రాసిన కాగితాల్లో ఉంచండి, ఎందుకంటే పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవైనది బిగిస్తే అది వెనుక ఉన్న వైర్ల కట్టను చీల్చవచ్చు. బాడీలోనే ఉండిపోయిన క్లిప్పులను ముక్కు పటకారుతో తీసి, తిరిగి బిగించే ముందు ప్యానెల్‌కే తొడగాలి.

లోపల ఖాళీ కనిపించినప్పుడు రంధ్రం చేయాలన్న తొందర వస్తుంది. ముందుగా మీరు కొన్న చార్జరు సాకెట్ లోతును స్కేలుతో కొలిచి, వెనుక అంత చోటు ఉందో లేదో చూడండి. గుండ్రటి సాకెట్లకు సాధారణంగా 28 లేదా 29 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది. వాడని స్విచ్చి స్థానంలో ఉండే మూత తీసిన చోట మీ చార్జరు సరిపోతే డ్రిల్లు అవసరమే రాదు, నా ఓటు దానికే. స్టీరింగ్ కడ్డీ, పెడళ్లు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే మార్గం, ఈ మూడింటి దగ్గర వైరుకు తావు లేదు.

ఈ వారం వైరు ముట్టుకోకుండా ఒకే ప్యానెల్‌ను విప్పి, బిగించి, మళ్ళీ విప్పి బిగించండి. ఆ పైన బ్యాటరీ మైనస్‌ను తిరిగి కలిపి తాళం తిప్పితే, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే బండిని సర్వీసు కేంద్రానికి చూపించండి. వచ్చే పాఠంలో ఫ్యూజు పెట్టెలో తాళంతో పాటు వచ్చీపోయే కరెంటు ఏ గూటిలో దొరుకుతుందో మల్టీమీటర్‌తో వెతుకుదాం.