మీ సైట్ చూసేవాళ్ళు ఏ ఊరివాళ్ళో మ్యాప్‌లో చూపించడం ఎలా

తిరుపతిలో లాడ్జికో, ట్రావెల్స్‌కో, శ్రీకాళహస్తి కలంకారీ షాపుకో సైట్ చేసిస్తే ఓనరు మొదట అడిగేది "ఎంతమంది చూశారు" అని, ఆ వెంటనే "ఎక్కడివాళ్ళు చూస్తున్నారు" అని. రెండోదానికి మ్యాప్ పెట్టి చూపిస్తే చాలా మాటలు మిగులుతాయి. పని పెద్ద కష్టం కాదు. ఆ మ్యాప్ మీద చుక్కని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడమే అసలు కష్టం.

ఓనరు ఒక్కరే చూసుకోవాలంటే సొంతంగా ఏమీ రాయక్కర్లేదు. గూగుల్ అనలిటిక్స్ పెట్టి ఉంటే రియల్‌టైమ్ రిపోర్టులోనే మ్యాప్ ఉంటుంది, ఊర్ల వారీ లెక్కా వస్తుంది. సైట్‌లో అందరికీ కనబడాలంటే క్లస్టర్‌మ్యాప్స్ లాంటి రెడీమేడ్ విడ్జెట్లున్నాయి, వాళ్ళిచ్చే కోడు ముక్క పేజీలో అతికిస్తే సరిపోతుంది. నాకైతే అవి నచ్చవు. బయటివాళ్ళ స్క్రిప్టు మన పేజీలో నడుస్తుంది, మన దగ్గరికి వచ్చినవాళ్ళ వివరాలు ఇంకొకరికి పోతాయి. అందుకే సొంతంగా చేసుకునే పద్ధతే చెప్తున్నాను. పీహెచ్‌పీ, పైథాన్, నోడ్ ఏదో ఒకటి కొంచెం వస్తే చాలు.

ఎవరు పేజీ తెరిచినా వాళ్ళ ఐపీ అడ్రస్ (నెట్‌లో వాళ్ళ కనెక్షన్‌కి ఉండే అంకెల చిరునామా) సర్వర్‌కి ఎటూ వస్తుంది. ఆ ఐపీ ఏ ఊరిదో చెప్పే డేటాబేస్ కావాలి. ఉచితంగా దొరికేవాటిలో ఎక్కువమంది వాడేది మ్యాక్స్‌మైండ్ వాళ్ళ జియోలైట్ సిటీ. 2019 డిసెంబరు 30 నుంచి అకౌంటు తెరిచి లైసెన్స్ కీ తీసుకుంటేనే అది డౌన్‌లోడ్ అవుతుంది కాబట్టి, పాత ట్యుటోరియల్స్‌లో ఉన్న డైరెక్టు లింకులు పట్టుకుని టైం వేస్టు చేసుకోకండి. ఫైలు సర్వర్‌లో పెట్టి, మీ భాషకి వాళ్ళిచ్చిన లైబ్రరీతో ఐపీ అడిగితే దేశం, రాష్ట్రం, ఊరు, అక్షాంశం, రేఖాంశం వస్తాయి. వాటితోపాటు అక్యురసీ రేడియస్ అని కిలోమీటర్లలో ఒక అంకె కూడా వస్తుంది. మనిషి ఈ పాయింటు చుట్టూ ఇంత దూరంలో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు, నిజానికి అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే.

ఎందుకంటే మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీని వేలమంది పంచుకుంటారు, ఆ ఐపీ కంపెనీ గేట్‌వే (ఫోన్ల ట్రాఫిక్ నెట్‌లోకి వెళ్ళే చోటు) ఉన్న ఊరి పేరు మీద నమోదై ఉంటుంది. అలిపిరి దగ్గర నిలబడి ఫోన్‌లో మీ సైట్ చూసే మనిషి మ్యాప్‌లో చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో తేలొచ్చు. వేరే ఊర్లలో ఇది చిన్న విషయమేమో గానీ మనకి కాదు, ఎందుకంటే మనకి నిజంగానే చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ భక్తులు వస్తారు. "చెన్నై వాళ్ళు ఎక్కువ చూస్తున్నారు, అక్కడ యాడ్ వేద్దాం" అని ఓనరు అనేలోపే ఆ చుక్కల్లో కొన్ని మన కొర్లగుంటవే అయి ఉండొచ్చని చెప్పేయండి. దేశం దాదాపు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది, రాష్ట్రం పర్వాలేదు, ఊరు మాత్రం అంచనాయే.

ఈ అంచనాని నిజమనుకుంటే ఏమవుతుందో అమెరికాలో చూశాం. ఏ ఊరో తెలియని అమెరికా ఐపీలన్నిటికీ మ్యాక్స్‌మైండ్ డేటాబేస్‌లో 38 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పశ్చిమం అని దేశం నడిమధ్య పాయింటు ఒకటి పెట్టేశారు. అది కాన్సాస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒకరి పొలంలో పడింది. ఆన్‌లైన్‌లో మోసపోయినవాళ్ళు, పోలీసులు దొంగలు అక్కడే ఉన్నారనుకుని ఏళ్ళ తరబడి ఆ పొలంలోని ఇంటి మీద పడ్డారు, పాపం వాళ్ళకి ఎందుకో కూడా తెలియదు. 2016లో సంగతి బయటపడ్డాక కంపెనీ ఆ పాయింటుని ఒక చెరువులోకి మార్చింది.

సరే, పనిలోకి వద్దాం. మీ సైట్ క్లౌడ్‌ఫ్లేర్ (సైట్‌కీ విజిటర్‌కీ మధ్యలో నిలబడే సర్వీసు) వెనకాల ఉంటే సర్వర్‌కి మామూలుగా కనబడేది క్లౌడ్‌ఫ్లేర్ ఐపీ, విజిటర్‌ది కాదు. అసలుది సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ అనే హెడర్‌లో (రిక్వెస్టుతోపాటు వచ్చే సమాచారం ముక్కలో) ఉంటుంది. ఇంకా సులువైన దారి, వాళ్ళ డ్యాష్‌బోర్డులో మేనేజ్డ్ ట్రాన్స్‌ఫార్మ్స్ కింద విజిటర్ లొకేషన్ హెడర్లు ఆన్ చేసుకోవడం. ఊరు, అక్షాంశం, రేఖాంశం హెడర్లలోనే వచ్చేస్తాయి, డేటాబేస్ గొడవే ఉండదు.

వచ్చినదాన్ని అలాగే దాచొద్దు. మ్యాప్ కోసమైతే ఐపీని టేబుల్‌లో పెట్టాల్సిన పనే లేదు. అక్షాంశ రేఖాంశాలని దశాంశం తర్వాత ఒక్క అంకెకి కుదించండి, అంటే తిరుపతి 13.6, 79.4 అవుతుంది, దాదాపు 11 కిలోమీటర్ల గడి. తేదీ, గడి, ఊరి పేరు, రాష్ట్రం, ఎంతమంది, ఈ ఐదే చాలు. ఒకరిద్దరే వచ్చిన ఊరిని బయటి మ్యాప్‌లో చూపించకుండా రాష్ట్రం లెక్కలో కలిపేయండి, చిన్న పల్లె నుంచి ఒక్కడే చూస్తే వాడెవడో ఊరంతా కనిపెట్టేస్తుంది. మన దేశంలో 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, యూరప్‌లో 2018 నుంచి జీడీపీఆర్ అనే ఇలాంటి చట్టమే అమల్లో ఉంది, ఎన్నారైలు మీ సైట్ చూస్తారు కాబట్టి రెండూ గుర్తుపెట్టుకోండి. ప్రైవసీ పేజీలో రెండు ముక్కలు రాయడం మర్చిపోకండి.

మ్యాప్‌కి లీఫ్‌లెట్ చాలు. 2011లో వచ్చిన ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీ, చాలా తేలిక. దాని సీఎస్ఎస్, జేఎస్ ఫైళ్ళు రెండూ కలపండి, పేజీలో ఒక డివ్ పెట్టి దానికి ఎత్తు తప్పకుండా ఇవ్వండి. మ్యాప్ అసలు కనబడట్లేదని తలపట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది మర్చిపోయేది ఆ ఎత్తే. టైల్స్‌కి, అంటే మ్యాప్ బొమ్మ ముక్కలకి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడుకోవచ్చు, కింద మూలన వాళ్ళ పేరు వేయాలి. ఆ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి, కాబట్టి సైట్‌కి జనం బాగా వస్తుంటే డబ్బు కట్టే టైల్ సర్వీసుకి మారిపోవడం మర్యాద. ఒక్కొక్కరికీ సూది గుచ్చినట్టు మార్కర్ పెట్టకండి, అంత కచ్చితత్వం మన దగ్గర లేదు. సర్కిల్‌మార్కర్ వాడి, దాని వ్యాసార్థాన్ని సంఖ్య వర్గమూలానికి తగ్గట్టు పెంచండి. నేరుగా సంఖ్యనే పెడితే హైదరాబాద్ వృత్తం తెలంగాణ మొత్తాన్ని మింగేస్తుంది.

లీఫ్‌లెట్‌కి ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం ఇవ్వాలి. మ్యాప్ డేటా దాచే జియోజేసన్ ఫైల్లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. కలగాపులగం చేశారంటే తిరుపతి వెళ్ళి ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్‌లో తేలుతుంది. గోవిందా!

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కశ్మీర్ దగ్గర గీతలు సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌లో ఉన్నట్టు ఉండవు. దేశం హద్దులు తప్పుగా ఉన్న మ్యాప్ ప్రచురిస్తే మన దగ్గర చట్టప్రకారం నేరం. లోకల్ వ్యాపారమైతే లీఫ్‌లెట్‌లో మ్యాక్స్‌బౌండ్స్, మిన్‌జూమ్ సెట్టింగులు రెండూ పెట్టి దక్షిణాది రాష్ట్రాల వరకే మ్యాప్ కట్టేయండి. దేశమంతా చూపించాలంటే మ్యాప్‌మైఇండియా వాళ్ళ మ్యాపుల్స్ లాంటి మన దేశపు మ్యాప్ వాడండి.

ఇంత అంచనా వద్దు, కచ్చితంగా కావాలంటే బ్రౌజర్ జియోలొకేషన్ ఉంది, కానీ అది మనిషిని అడుగుతుంది, పైగా హెచ్‌టీటీపీఎస్ లేకపోతే పనిచేయదు. ట్యాక్సీ పికప్‌కి అడగడం న్యాయమే, "నా లొకేషన్ వాడు" అని బటన్ పెట్టి, అది నొక్కాక అడగండి. ఊరికే మ్యాప్‌లో చుక్క పెట్టడానికి పేజీ తెరవగానే పర్మిషన్ అడిగితే జనం భయపడి వెళ్ళిపోతారు.

మ్యాప్ నడవడం మొదలయ్యాక అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్ళో పెద్ద వృత్తం కనబడితే సంబరపడకండి. వర్జీనియాలో డేటా సెంటర్లకి అది పెట్టింది పేరు, అక్కడి నుంచి వచ్చేవి చాలావరకు బాట్లు, అంటే మనుషులు కాదు, ప్రోగ్రాములు. యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తన పేరు చెప్పుకునే హెడర్) చూసి, జియోలైట్‌లోనే ఉండే ఏఎస్ఎన్ ఫైలుతో (ఐపీ ఏ కంపెనీ నెట్‌వర్కుదో చెప్పేది) హోస్టింగ్ కంపెనీల ఐపీలు గుర్తించి, లెక్కలో చేరకముందే తీసేయండి.

టెస్టు చేసేటప్పుడు సొంత కంప్యూటర్‌లో 127.0.0.1 అని వస్తుంది, దానికి ఊరు ఉండదు, లైబ్రరీ ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి ఆ సందర్భానికి కోడ్ రాసుకోండి. తర్వాత అదే ఇంట్లో ఒకసారి వైఫైతో, ఒకసారి మొబైల్ డేటాతో తెరిచి రెండు చుక్కలు ఎంత దూరంలో పడ్డాయో ఓనరుకే చూపించండి. ఇక డేటాబేస్ కొత్తది వచ్చాక పాతదాన్ని 30 రోజుల్లోపు తీసేయాలని లైసెన్స్‌లో ఉంది, క్రాన్‌లో (సర్వర్‌లో పనులు టైముకి వాటంతటవే నడిపేది) వారానికోసారి మ్యాక్స్‌మైండ్ వాళ్ళ జియోఐపీఅప్‌డేట్ టూల్ నడిచేలా పెట్టేస్తే ఆ పని అదే చూసుకుంటుంది.